డాకర్‌ఫైల్ లేకుండా కంటైనర్‌నే ఇమేజ్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, కానీ లోపలికి ఏం పోతోందో చూసుకో

అన్నా అని అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ, ఏమనుకోకు. నీ ప్రశ్న ఇదీ: డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని కావాల్సినవాటితో కలిపి విడివిడి పెట్టెల్లో నడిపే టూల్) ఉబుంటు 22.04 కంటైనర్ (అలాంటి ఒక పెట్టె) లేపి, లోపలికి పోయి ఆప్ట్‌తో ప్యాకేజీలు, పిప్‌తో పైథాన్ లైబ్రరీలు వేసుకొని, రెండు మూడు కాన్ఫిగ్ ఫైళ్ళు మార్చి అంతా సెట్ చేసుకున్నావు, ఎగ్జిట్ కొట్టి మర్నాడు మళ్ళీ డాకర్ రన్ అంటే లోపల ఏమీ లేదు. ఆ పని తిరిగొస్తుందా, దాన్ని ఇమేజ్ (కంటైనర్లు పుట్టే అచ్చు) చేసి టీమ్‌లో ఇంకొకరికి ఎలా ఇవ్వాలి, డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో వరసగా రాసిపెట్టే ఫైల్) రాయక తప్పదా అని.

సూటిగా చెప్తా: నీ పని ఎక్కడికీ పోలేదు. డాకర్ కమిట్ అనే ఒక్క కమాండ్‌తో అది ఇమేజ్ అయిపోద్ది, డాకర్‌ఫైల్ అక్కర్లేదు. కానీ ఆ ఇమేజ్‌నే ఫైనల్ అనుకొని సర్వర్ ఎక్కించకు. ఇవాళ కమిట్ కొట్టి పనిని కాపాడుకో, రేపు తీరిగ్గా అదే కంటైనర్‌ని తవ్వి డాకర్‌ఫైల్ రాసుకో. ఎందుకో కింద చెప్తా, కొంచెం పెద్దదే, చాయ్ తెచ్చుకొని కూర్చో.

ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ మీద కొడుతున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే ఉంటాయి, టెర్మినల్‌లో ఇంగ్లిష్ స్మాల్ లెటర్స్‌లో కొట్టుకో.

అసలు ముందు జరిగిందేంటంటే, డాకర్ రన్ అన్న ప్రతిసారీ ఇమేజ్ నుంచి కొత్త కంటైనర్ పుడుతుంది, పాతది లేవదు. నువ్వు పనిచేసిన కంటైనర్ ఆగిపోయి పక్కన పడుంది అంతే. మామూలు డాకర్ పీఎస్ నడుస్తున్నవాటినే చూపిస్తుంది కాబట్టి అది నీకు కనపడలేదు. ఇది కొట్టు:

`డాకర్ పీఎస్ -ఏ`

ఎగ్జిటెడ్ అని ఉన్న వరుసల్లో నీ ఉబుంటుది దొరుకుతుంది, ఎప్పుడు ఆగిందో కూడా పక్కనే ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. పేరు పెట్టకపోతే డాకరే ఏదో రెండు పదాల వింత పేరు తగిలించి ఉంటుంది. ఆ పేరుతో డాకర్ స్టార్ట్ -ఏఐ అంటే అదే కంటైనర్‌లోకి, నీ పనంతా ఉన్నచోటికి వెళ్తావు. ఒక్క మినహాయింపు ఏంటంటే రన్ చేసేటప్పుడు --ఆర్‌ఎమ్ పెట్టి ఉంటే మాత్రం ఎగ్జిట్‌తోనే కంటైనర్ తుడిచిపెట్టుకు పోయినట్టే, దాన్ని ఎవరూ తేలేరు. ఇంకోటి, ఈ పని అయ్యేదాకా డాకర్ సిస్టమ్ ప్రూన్ జోలికి పోకు. డిస్క్ నిండిందని ఎవరో చెప్పారని చాలామంది అది కొట్టేస్తారు, అది ఆగి ఉన్న కంటైనర్లన్నిటినీ ఊడ్చేస్తుంది, నీది కూడా అందులోనే పోద్ది.

కంటైనర్ దొరికాక:

`డాకర్ కమిట్ -ఎమ్ "పైథాన్ సెటప్ పూర్తయింది" కంటైనర్‌పేరు మాటీమ్/దేవ్‌బాక్స్:వీ1`

అంతే. పొడుగ్గా ఒక షా256 నంబర్ ప్రింట్ అవుతుంది, డాకర్ ఇమేజెస్‌లో నీ కొత్త ఇమేజ్ కనిపిస్తుంది. ఆగి ఉన్న కంటైనర్ మీద కూడా కమిట్ పనిచేస్తుంది, స్టార్ట్ చేయాల్సిన పనిలేదు. పేరు ఇవ్వడం మర్చిపోతే నన్ అని పేరూ ఊరూ లేని ఇమేజ్ ఒకటి పడుంటుంది, ట్యాగ్ (పైన కోలన్ తర్వాత ఉన్న వీ1 లాంటిది) ఇవ్వకపోతే లేటెస్ట్ అని తనే పెట్టుకుంటుంది. ట్యాగ్ ఇవ్వడం అలవాటు చేసుకో, లేటెస్ట్ మీద లేటెస్ట్ కమిట్ చేసుకుంటూ పోతే ఏది ఎప్పటిదో నీకే తెలియకుండా పోతుంది.

సరే, ఇక అసలు విషయం. కమిట్ అంటే కంటైనర్‌ని ఉన్నదున్నట్టు మొత్తం దించేయడం అనుకుంటారు చాలామంది, కాదు. ఇమేజ్ అనేది చదవడానికి మాత్రమే ఉండే పొరల దొంతర, కంటైనర్ లేచినప్పుడు దానిపైన రాసుకోవడానికి ఒక పల్చటి పొర వేస్తారు, లోపల నువ్వు చేసే మార్పులన్నీ ఆ పై పొరలోనే పడతాయి. కమిట్ ఆ పై పొరను తీసి గట్టిపరుస్తుంది, దాంతోపాటు ఆ కంటైనర్‌ని ఏ కమాండ్‌తో, ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో (బయటినుంచి ప్రోగ్రామ్‌కి ఇచ్చే విలువలు) రన్ చేశావో లాంటి సెట్టింగులు కూడా ఇమేజ్‌లో రాసేస్తుంది. ఈ రెండో ముక్క దగ్గరే జనం దెబ్బతింటారు. అలాగే ఆ పొరలో లేనిది ఏదీ రాదు, దీని దగ్గర ఇంకొంతమంది దెబ్బతింటారు.

రానివాటి సంగతి ముందు. నడుస్తున్న ప్రాసెస్‌లు, మెమరీలో ఉన్నవి రావు, అది ఊహించేదే. /ఈటీసీ/హోస్ట్స్, /ఈటీసీ/రిసాల్వ్.కాన్ఫ్ మార్పులు రావు, ఎందుకంటే ఆ ఫైళ్ళు డాకరే బయటినుంచి తగిలిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాల్యూమ్‌లలో (ఆ పై పొర బయట ఉండి కంటైనర్‌కి తగిలించే స్టోరేజ్) ఉన్నదేదీ రాదు. -వీ పెట్టి నీ ల్యాప్‌టాప్ ఫోల్డర్ మౌంట్ చేసి ఉంటే నీ కోడ్ ఇమేజ్‌లో ఉండదు. దీనికన్నా డేంజర్ ఏంటంటే నువ్వు ఏ -వీ పెట్టకపోయినా కొన్ని ఇమేజ్‌లలో వాల్యూమ్ ముందే రాసి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, జెన్‌కిన్స్ అఫీషియల్ ఇమేజ్‌లు మూడూ ఈ బాపతే.

కొండాపూర్‌లో తెలిసినవాళ్ళ ఆఫీస్‌లో ఒకబ్బాయి పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌లో టెస్ట్ డేటా మొత్తం లోడ్ చేసి, కమిట్ చేసి, రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచి పంచుకునే సర్వర్) పుష్ చేసి, "డేటాతో సహా ఇమేజ్ రెడీ" అని టెస్టింగ్ వాళ్ళకి మెసేజ్ పెట్టాడు. వాళ్ళు పుల్ చేసి లేపితే ఒక్క టేబుల్ లేదు. డేటా మొత్తం ఆ అబ్బాయి మెషీన్‌లో పేరులేని వాల్యూమ్‌లో భద్రంగా ఉంది, ఇమేజ్‌లోకి ఒక్క బైట్ రాలేదు, కమిట్ మాత్రం ఏ ఎర్రరూ లేకుండా సక్సెస్ అంది. ఇలాంటిచోట కమిట్ దారే కాదు, పీజీ_డంప్‌తో డంప్ తీసి ఆ ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని డాకర్-ఎంట్రీపాయింట్-ఇనిట్‌డీబీ.డీ ఫోల్డర్‌లో పెడితే, డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి లేచేటప్పుడు అదే లోడ్ చేసుకుంటుంది. నీ ఇమేజ్‌లో వాల్యూమ్ ఉందో లేదో చూడాలంటే డాకర్ ఇన్‌స్పెక్ట్ కొట్టి కాన్ఫిగ్ కింద వాల్యూమ్స్ అనే వరస చూడు. ఉత్త ఉబుంటు ఇమేజ్‌లో అది ఉండదు కాబట్టి నీకు ఈ భయం లేదు, -వీ పెట్టి ఉంటే తప్ప.

ఇప్పుడు అక్కర్లేకుండా వచ్చేవి. దీన్ని ఒక ఉదాహరణతో చూడు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఇమేజ్ తీసుకొని, లోపల కాన్ఫిగ్ మార్చాలని `డాకర్ రన్ -ఐటీ ఎన్‌జిన్‌ఎక్స్ బ్యాష్` అని లోపలికి వెళ్ళావనుకో. మార్చావు, బయటికొచ్చి కమిట్ చేశావు. ఆ ఇమేజ్‌ని -డీ పెట్టి రన్ చేస్తే లేచిన సెకనులోనే ఆగిపోతుంది. పీఎస్ -ఏ చూస్తే ఎగ్జిటెడ్ 0, లాగ్స్ ఖాళీ, ఎర్రర్ కూడా లేదు. గంటలు పోతాయి దీని మీద. కారణం ఏంటంటే నువ్వు బ్యాష్ అని రన్ చేశావు కాబట్టి కొత్త ఇమేజ్ డీఫాల్ట్ కమాండ్ కూడా బ్యాష్ అయిపోయింది, ఎన్‌జిన్‌ఎక్స్ అసలు స్టార్టే కాలేదు, ఎదురుగా టెర్మినల్ లేని బ్యాష్ చేసే పనేమీ లేక బుద్ధిగా 0 తో తప్పుకుంది. రెండు దారులున్నాయి: కంటైనర్‌ని మామూలుగా లేపి డాకర్ ఎగ్జెక్‌తో లోపలికి వెళ్తే డీఫాల్ట్ కమాండ్ చెక్కుచెదరదు, లేదా కమిట్ చేసేటప్పుడే --ఛేంజ్ అని పెట్టి సీఎండీ, అంటే డీఫాల్ట్ కమాండ్, ఏదో మళ్ళీ చెప్పొచ్చు. --ఛేంజ్‌లో సీఎండీ, ఎంట్రీపాయింట్, ఎన్వ్, ఎక్స్‌పోజ్, యూజర్, వర్క్‌డిర్, లేబుల్ లాంటివి మార్చుకోవచ్చు, రన్, కాపీ మాత్రం కుదరవు.

అదే దారిలో పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి. రన్ చేసేటప్పుడు -ఈ పెట్టి డీబీ పాస్‌వర్డో ఏపీఐ కీనో ఇచ్చి ఉంటే కమిట్ ఇమేజ్‌లో అది అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ఆ ఇమేజ్ పుల్ చేసిన ఎవడైనా ఇన్‌స్పెక్ట్ కొడితే కాన్ఫిగ్ కింద ఎన్వ్‌లో కనిపిస్తుంది, హ్యాకింగ్ ఏమీ అక్కర్లేదు. ఇంకా రూట్ హోమ్‌లో బ్యాష్ హిస్టరీ ఫైల్ ఉంటుంది, నువ్వు ఎగ్జిట్ కొట్టినప్పుడు ఆ సెషన్‌లో టైప్ చేసినవన్నీ అందులో పడతాయి, గిట్ క్లోన్ యూఆర్ఎల్‌లో టోకెన్ పెట్టి కొట్టి ఉంటే అది కూడా. ఎస్‌ఎస్‌హెచ్ కీ లోపలికి కాపీ చేసుకొని ఉంటే అది కూడా.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, సీనియర్లు కూడా తడబడేది. ఆ ఫైల్‌ని కమిట్ కంటే ముందు తీసేస్తే అది ఇమేజ్‌లోకి రానే రాదు, ఎందుకంటే పుట్టింది చచ్చింది రెండూ అదే పై పొరలో. కానీ ఒకసారి కమిట్ చేసి, గుర్తొచ్చి, ఆ కొత్త ఇమేజ్‌ని లేపి ఆర్ఎమ్ కొట్టి మళ్ళీ కమిట్ చేస్తే ఫైల్ పోయినట్టు కనిపిస్తుంది కానీ పోదు. పై పొరలో "ఇది లేదు" అని ఒక గుర్తు పడుతుంది, కింది పొరలో ఫైల్ అలాగే ఉంటుంది, డాకర్ సేవ్‌తో టార్ తీసి విప్పితే దొరుకుతుంది. బయటికి పోయిన ఇమేజ్‌లో కీ ఉందని తేలితే చేయాల్సింది ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం, ఇమేజ్ కడగడం కాదు.

సైజు కూడా ఇలాగే పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ కమిట్ మీద కమిట్ చేస్తే ప్రతిదీ ఒక పొర, దేన్ని తీసేసినా తగ్గదు. కమిట్ ముందు /వర్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలున్నవి, రూట్ హోమ్‌లో .క్యాష్/పిప్ ఫోల్డర్ తీసెయ్, ఉబుంటు ఇమేజ్‌లో డెబ్ ఫైళ్ళు ఇన్‌స్టాల్ అవగానే తనే తుడిచేసుకుంటుంది కాబట్టి వాటి గోల లేదు. పెద్ద ఫోల్డర్ మీద ఊరికే చౌన్ -ఆర్ కొట్టకు, కింది పొరలో ఉన్న ఫైల్ ఓనర్ మారిస్తే ఆ ఫైల్ మొత్తం పైకి కాపీ అవుతుంది, ఒక్క అక్షరం మారకపోయినా ఇమేజ్ ఉబ్బిపోతుంది. కమిట్ చేస్తే ఎంత పెరుగుతుందో ముందే చూసుకోవాలంటే డాకర్ పీఎస్ -ఏ -ఎస్ కొట్టు, సైజ్ దగ్గర మొదటి అంకె నీ పై పొర బరువు.

నడుస్తున్న కంటైనర్ మీద కమిట్ కొడితే ఏమవుతుంది అని కింద ఇంకొకరు అడిగారు. డాకర్ ఆ కాసేపు కంటైనర్‌ని పాజ్ చేస్తుంది, అయిపోగానే వదులుతుంది. పై పొర చిన్నదైతే తెలియను కూడా తెలియదు, పెద్దదైతే ఆ కాసేపూ దానిమీదికొచ్చే రిక్వెస్ట్‌లు అలా వేలాడతాయి, అందుకే ప్రొడక్షన్‌లో పగలు పూట చేయకు. పాజ్ అంటే ప్రాసెస్ ఆగడమే తప్ప మెమరీలో ఉన్నది డిస్క్‌కి రాయడం కాదు కాబట్టి వీలైతే స్టాప్ చేసి కమిట్ చేయడమే పద్ధతి. డాకర్ లాంటిదే ఇంకో టూల్ పాడ్‌మ్యాన్ వాడేవాళ్ళకి ఒక మాట, అక్కడా కమిట్ ఉంది కానీ డీఫాల్ట్‌గా పాజ్ చేయదు. చాలా మెషీన్ల మీద కంటైనర్లు నడిపే క్యూబర్‌నెటీస్‌లో అయితే దాని కమాండ్ టూల్ క్యూబ్‌సీటీఎల్‌కి కమిట్ అనేదే లేదు, వెతుక్కోకు.

మరి ఇన్ని చెప్పి కమిట్ ఎందుకూ పనికిరాదంటావా అంటే, కాదు. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో బిల్డ్, డిప్లాయ్‌మెంట్ పనులు చూస్తా, కమిట్ వాడని నెల ఉండదు. ఎక్కువగా వాడేది చచ్చిపోయిన కంటైనర్ల మీద. కంటైనర్ లేవగానే క్రాష్ అవుతోంది, స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే, ఎగ్జెక్‌తో లోపలికి పోదామంటే నడుస్తుంటే కదా. అప్పుడు దాన్ని పోస్ట్‌మార్టమ్:ఒకటి అనే పేరుతో కమిట్ చేసి:

`డాకర్ రన్ -ఐటీ --ఎంట్రీపాయింట్ ఎస్‌హెచ్ పోస్ట్‌మార్టమ్:ఒకటి`

అంటే చచ్చినప్పుడున్న ఫైళ్ళతో, అవే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో లోపల నిలబడతావు. ఇందాక తిట్టుకున్నామే, ఆ సెట్టింగులు ఇమేజ్‌లోకి వచ్చేస్తాయని, ఇక్కడ అదే కలిసొస్తుంది. ఈమధ్య ఒక కేస్‌లో ఇలా లోపలికి వెళ్ళి చూస్తే లాగ్ ఫోల్డర్ ఓనర్ రూట్, యాప్ నడిచేది వేరే యూజర్‌తో, రాయలేక చచ్చిపోతోంది, ఎర్రర్ ప్రింట్ చేయడానికి కూడా ఆ లాగ్ ఫైలే కావాలి దానికి. బయటినుంచి చూస్తే ఎంతకీ తేలేది కాదు. ఇంకా, సర్వర్‌లో ఏదో తేడా జరిగిందని డౌట్ వస్తే కంటైనర్ తీసేసేముందు సాక్ష్యంగా ఒక కమిట్ తీసి పక్కన పెడతాం. ఎస్ అనీ నో అనీ అడుగుతూ పోయే పాతకాలం ఇన్‌స్టాలర్లు, గంటలు గంటలు కంపైల్ అయ్యే లైబ్రరీలు, వీటికి కూడా మధ్యలో కమిట్ కొట్టుకుంటే ఎక్కడ ఆగితే అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. అమీర్‌పేట్ ఇన్‌స్టిట్యూట్లలో క్లాస్ చెప్పేటప్పుడు కమిట్ ముందు చూపిస్తారు, పొరలంటే ఏంటో పిల్లలకి చేత్తో తెలుస్తుంది, అది మంచిదే, కానీ కోర్సు అయిపోయాక అదే అలవాటు ఆఫీస్‌కి తెచ్చుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

ఎందుకంటే కమిట్ ఇమేజ్‌లో ఏముందో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ తెలియదు. డాకర్ హిస్టరీ కొడితే డాకర్‌ఫైల్‌తో కట్టిన ఇమేజ్‌లో ప్రతి పొర పక్కనా ఏ కమాండ్‌తో వచ్చిందో ఉంటుంది, కమిట్ పొర పక్కన బ్యాష్ అని ఒక్క ముక్క ఉంటుంది, నువ్వు -ఎమ్‌లో ఏమైనా రాసి ఉంటే అది. 2021 డిసెంబర్‌లో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడి గొడవ వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. డాకర్‌ఫైల్ ఉన్నవాటికి వెర్షన్ మార్చడం, మళ్ళీ బిల్డ్ కొట్టడం, అయిపోయింది. ఒక క్లయింట్ దగ్గర ఎవరో కట్టి ఉద్యోగం మారిపోయిన కమిట్ ఇమేజ్‌లుంటే వాటి పొరలు ఒక్కోటీ విప్పి ఆ లైబ్రరీ జార్ ఫైల్ ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ కూర్చున్నారు జనం.

అందుకే తవ్వకం పని. కంటైనర్ ఇంకా ఉండగానే చెయ్, తీసేయకు. మొదట `డాకర్ డిఫ్ కంటైనర్‌పేరు` కొట్టు, ప్రతి వరుస ముందు ఏ అంటే కొత్తగా వచ్చింది, సీ అంటే మారింది, డీ అంటే పోయింది. వందల వరుసలొస్తాయి, కంగారు పడకు, /యూఎస్ఆర్ కింద ఉన్నవి దాదాపు అన్నీ ఆప్ట్, పిప్ తెచ్చినవే, అవి వదిలేసి /ఈటీసీ, /ఓపీటీ, /హోమ్ కింద సీ, ఏ ఉన్నవి చూడు, నీ చేతి మార్పులు అక్కడే ఉంటాయి. ఆ ఫైళ్ళని డాకర్ సీపీతో బయటికి తెచ్చుకో. ఇక ఏ ప్యాకేజీలు వేశావో గుర్తులేదా, /వర్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ తెరువు, కమాండ్‌లైన్ అని మొదలయ్యే వరుసల్లో నువ్వు కొట్టిన ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్లు అక్షరం పొల్లుపోకుండా, తేదీలతో సహా ఉంటాయి. ఈ ఫైల్ సంగతి చాలామందికి తెలియదు, నాకైతే సగం డాకర్‌ఫైల్ దీంట్లోంచే వచ్చేస్తుంది. పైథాన్‌కి పిప్ ఫ్రీజ్ కొట్టి రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో పెట్టుకో, వెర్షన్లతో సహా వస్తాయి. మిగతా చిల్లర పనులకి ఇందాకటి బ్యాష్ హిస్టరీ ఫైలే దిక్కు. వీటన్నిటితో డాకర్‌ఫైల్ రాస్తే నీ సెటప్‌కి పాతిక లైన్లు కూడా దాటదు. బిల్డ్ చేసి, లేపి, నీ కోడ్ రెండిట్లోనూ నడిపి చూడు, ఎక్కడో ఒక ప్యాకేజీ తగ్గుతుంది, అప్పుడు పోల్చుకోవడానికి కమిట్ ఇమేజ్ చేతిలో ఉంటుంది, అసలు అందుకే ముందది కొట్టమన్నది.

చివరికి పంపడం. ఆఫీస్ రిజిస్ట్రీ ఉంటే డాకర్ ట్యాగ్, డాకర్ పుష్. లేకపోతే, లేదా హాస్టల్ వైఫైతో అప్‌లోడ్ అయ్యే పని కాకపోతే, `డాకర్ సేవ్ -ఓ దేవ్‌బాక్స్.టార్ మాటీమ్/దేవ్‌బాక్స్:వీ1` అని ఫైల్ చేసి జిజిప్ కొట్టి ఇచ్చెయ్, అవతలివాళ్ళు డాకర్ లోడ్ -ఐ అంటే చాలు. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అనే జంట కూడా కనిపిస్తుంది, దాన్ని దీంతో కలపకు, అది పొరలన్నీ ఒకటి చేసి ఉత్త ఫైళ్ళే ఇస్తుంది, సీఎండీ, ఎన్వ్, ఎంట్రీపాయింట్ అన్నీ పోతాయి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకో. నీది ఎం సిరీస్ మ్యాక్ అయి అవతలివాళ్ళది ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఆగు, నీ ఇమేజ్ ఏఆర్ఎమ్64 అయి ఉంటుంది, వాళ్ళ దగ్గర ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని చతికిలపడొచ్చు. కమిట్‌తో దీనికి మందు లేదు, డాకర్‌ఫైల్ ఉంటే --ప్లాట్‌ఫామ్ పెట్టి వాళ్ళకి సరిపోయేది బిల్డ్ చేసి ఇవ్వొచ్చు.

డాకర్‌ఫైల్ రాసేటప్పుడు ఎక్కడైనా ఆగితే డాకర్ డిఫ్ అవుట్‌పుట్ కింద పెట్టు, చూసి చెప్తా. అందులో ఫైళ్ళ పేర్లే ఉంటాయి కాబట్టి పెట్టినా ఏం కాదు. ఇన్‌స్పెక్ట్ అవుట్‌పుట్ మాత్రం పెట్టకు, పెట్టేట్టయితే ఎన్వ్ వరుసలు తీసేసి పెట్టు.